బ్రేకు మెత్తబడిందా? బస్తాలెత్తే ముందే చూసుకోండి

పత్తి గానీ, వడ్లు గానీ, మిర్చి గానీ... పంట చేతికొచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చిన్న రైతుకు గుర్తొచ్చేది ఊళ్లోని పాత వ్యానే. నలుగురైదుగురు కలిసి కిరాయి మాట్లాడుకుంటారు. లేదా ఇద్దరన్నదమ్ములు కలిసి సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కుంటారు. 2016లో మూడూ వేర్వేరు జిల్లాలైనా మిర్చి బస్తాలు మాత్రం చాలావరకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కే పోతాయి. ఏ వైపు నుంచైనా 50 నుంచి 70 కిలోమీటర్ల దారి. భూపాలపల్లి రోడ్డు మీదైతే బొగ్గు లారీల నడుమ నడపాలి.

ఇలాంటి దారిలో డ్రైవరు "బ్రేకు జర మెత్తగుంది, రెండు పంపులు కొడితే దొరుకుతది" అన్నాడంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. రెండో పంపు కొట్టేలోపే ముందున్న ఎడ్లబండి మీదికో, రోడ్డు దాటే పిల్లల మీదికో పోవచ్చు.

పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?

మోటారు సక్షన్ పైపుకు చిన్న బొక్క పడితే ఏమవుతుందో మీకు తెలుసు. మోటారు తిరుగుతుంది, నీళ్లు మాత్రం ఎత్తదు. గాలి పట్టిందంటాం. బ్రేకు సంగతీ ఇంచుమించు ఇంతే. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేకు ఆయిలును పైపుల గుండా చక్రాల దాకా నెడుతుంది. ఆయిలు నొక్కితే నలగదు, ఆ బలమంతా చక్రానికి చేరుతుంది. పైపులో గాలి ఉంటే అది నలుగుతుంది. మీ కాలి బలం గాలిని నలపడానికే సరిపోతుంది.

నిలబెట్టి పరీక్షించండి

బండిని చదును నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజను ఆపండి. పెడల్‌ను ఐదారుసార్లు తొక్కితే బూస్టరులో మిగిలిన బలం పోతుంది. కాసేపాగి నింపాదిగా తొక్కి చూడండి.

మొదటిసారి లోతుగా దిగి, రెండో మూడోసారికి పైకొచ్చి గట్టిపడితే వెనక డ్రమ్ముల్లో లైనర్లు అరిగి, సందు పెరిగి ఉండొచ్చు. లైనర్లు చూసి అడ్జస్ట్‌మెంట్ చేయించాలి, మరీ అరిగితే మార్చాలి.

ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా సాగుతుంటే లైనులో గాలి చేరిందన్నమాట. గాలి తీయించాలి. ఏ సందులోంచి చేరిందో కూడా వెతకాలి.

కాలు తీయకుండా ఒక నిమిషం నొక్కి పట్టినప్పుడు పెడల్ మెల్లమెల్లగా కిందికి జారితే ఎక్కడో ఆయిలు కారుతోంది. బయట ఎక్కడా తడి లేదు, డబ్బాలో మట్టం తగ్గలేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు పోయి ఉంటాయి. ఇలాంటి బండి రోడ్డెక్కకూడదు.

పొద్దున బాగానే ఉండి, లోడుతో దిగుళ్లు దిగాక మెత్తబడితే ఆయిలు పాతబడింది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. నీరు చేరిన ఆయిలు 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. ఆ ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. పెడల్ నొక్కి పట్టి ఇంజను స్టార్ట్ చేస్తే కొద్దిగా దిగడం మామూలే. అది బూస్టరు పనిచేస్తోందనే గుర్తు. పెడల్ రాయిలా బిగుసుకుంటే అది బూస్టరు తప్పు కావచ్చు.

కారడం ఎక్కడ చూడాలి?

ప్రతి చక్రం లోపలి వైపు, రబ్బరు హోస్ పైపులు, ఛాసిస్ వెంట తుప్పు పట్టిన ఇనుప పైపు, క్యాబిన్‌లో పెడల్ పైభాగం... ఈ నాలుగూ చూడండి. హోస్ ఉబ్బినా, పగిలినా మార్చేయండి. కారే చోటు వదిలేసి ఆయిలు మాత్రం పోసుకుంటూ తిరగొద్దు.

గాలి తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. నిప్పిల్‌కు తొడిగిన సన్న పైపు రెండో కొసను ఆయిలు పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాక రెండోవారు నిప్పిల్ వదులు చేయాలి, పెడల్ వదిలేలోపే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. పైడబ్బాలో ఆయిలు అడుగంటనీయొద్దు. బయటికొచ్చిన ఆయిలును మళ్లీ పోయొద్దు. అలవాటు లేకపోతే మెకానిక్‌తోనే చేయించండి.

ఇంజనాయిలు, డీజిలు, కిరోసిన్ ఎట్టి పరిస్థితిలోనూ బ్రేకు డబ్బాలో పోయకండి. రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం లైను పాడవుతుంది. మూతమీద ఏ రకం రాసి ఉంటే ఆ రకమే, సీలు తీయని సీసాలోంచి పోయండి. ఈ ఆయిలు విషం. తాగునీళ్ల సీసాల్లో పోసి ఇంట్లో పెట్టొద్దు.

కిరాయి బండైనా అడగండి

బండి మీది కాకపోయినా బస్తాలు మీవే, ఎక్కేదీ మీరే. లోడు ఎత్తే ముందు "ఒకసారి బ్రేకు తొక్కి చూపించు తమ్మీ" అనండి, తప్పులేదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కానీ ఆ కాగితం పరీక్ష చేసిన రోజు సంగతే చెబుతుంది, ఈ రోజు సంగతి చెప్పదు. మిర్చి ఏరను పోయే కూలీలను సరుకు బండిలో కుక్కి తీసుకుపోవద్దు. చట్టమూ ఒప్పుకోదు, బ్రేకు పోయినప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

నడిరోడ్డు మీద పెడల్ కిందికి పోతే కంగారుపడి తాళం తిప్పకండి, స్టీరింగ్ బిగుసుకుంటుంది. పెడల్ గబగబా పంపు కొడుతూ, గేరు ఒక్కొక్కటే తగ్గిస్తూ, చేతి బ్రేకు మెల్లగా లాగుతూ పక్కకు ఆపండి. డీజిలు మిగులుతుందని దిగుళ్లలో న్యూట్రల్ వేసే అలవాటు మానండి. అప్పుడు బరువంతా బ్రేకు మీదే పడుతుంది.

బ్రేకు ఆయిలు సీసా ధర ఒక మిర్చి బస్తా ధరలో చిన్న వంతు. మార్కెట్‌కు పోయేది రేపైతే పరీక్ష ఈ సాయంత్రమే చేయండి. మెత్తబడితే బస్తాలు ఒక రోజు ఆగనీయండి, నష్టం లేదు.