అంగుళం మందం ముక్క ఉడకదా?

ఆదివారం పొద్దున ఏడు దాటితే నర్సీపట్నంలో ఏ మటన్ కొట్టు ముందైనా నిలబడే చోటుండదు. కత్తి మొద్దు మీద పడుతూనే ఉంటుంది. కొట్టాయన తలెత్తకుండానే "కూరకా అమ్మా, వేపుడుకా?" అని అడుగుతాడు. రెండూ కాదు, చాప్స్ కావాలి, ఎముకతో సహా అంగుళం మందాన కొట్టమని నేను చెప్పినప్పుడు మాత్రం తలెత్తాడు. "అంత మందమైతే ఉడకదమ్మా" అన్నాడు. వెనక నిలబడ్డ పెద్దాయన కూడా "చిన్న ముక్కలు కొట్టించుకో తల్లీ, కుక్కర్లో నాలుగు విజిల్స్‌కి మెత్తబడిపోద్ది" అని సలహా ఇచ్చారు.

వాళ్లు చెప్పింది కూరకు నిజం. నేను చేయబోయేది కూర కాదు. బాగా కాగిన ఇనప పెనం మీద మందపాటి ముక్కను రెండు వైపులా ఎర్రగా కాల్చి, పలచగా కోసి, పైన టమాటాలు, లేత ఆకులు, పనీరు, నిమ్మరసం, కాస్త పచ్చి నూనె వేసుకుని తినే వంట. ఇటలీలో ఇలా కోసి వడ్డించే మాంసాన్ని 'తల్యాటా' అంటారు. 'కోసినది' అని దాని అర్థం. మా ఇంట్లో ఇది చెడిన ప్రతిసారీ కారణం ఒక్కటే: కూర వండే అలవాట్లను పెనం మీదికి తెచ్చుకోవడం. కూరకు నీళ్లు చుట్టం, పెనానికి నీళ్లు పగ. ఆ ఒక్క తేడా పట్టుబడితే కింది అపోహల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: స్టేక్ అంటే పెద్దమాంసమే. మనకెందుకు అది?

స్టేక్ అన్నది పుల్లకు గుచ్చి కాల్చడానికి సంబంధించిన పాత నార్స్ భాషా పదం నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మన సెంటర్లలో సాయంత్రం బొగ్గుల మీద కాలే చీకులు కూడా సీఖ్, అంటే చువ్వ, అన్న మాట నుంచి వచ్చినవే. రెండు పేర్లూ కాల్చే తీరును బట్టి వచ్చాయి గానీ జంతువును బట్టి కాదు. గోవధను నిషేధించిన 1977 నాటి చట్టం మన రాష్ట్రంలో ఉంది, పెద్దమాంసం ముట్టని ఇళ్లూ ఎక్కువే. అంతమాత్రాన ఈ వంట మనది కాకుండా పోదు. మేకపోతు చాప్స్‌తో చక్కగా వస్తుంది. అది కూడా వద్దనుకుంటే పూడిమడక వైపు నుంచి వచ్చే వంజరం ఉంది. వంజరాన్ని అడ్డంగా గుండ్రటి ముక్కలు కోయించి మన అమ్మమ్మలు పెనం మీద కాల్చింది అచ్చంగా స్టేకే. ఆ పేరు మాత్రం వాళ్లకు తెలియదు.

అపోహ: అప్పుడే కోసిన మాంసమే మెత్తగా ఉంటుంది.

ఇది అన్నిటికంటే గట్టిగా నాటుకున్న నమ్మకం. నేనూ చాలాకాలం నమ్మాను. మొదటిసారి చాప్స్ కాల్చిన రోజున పొద్దున ఎనిమిదింటికి తెచ్చిన మాంసాన్ని పన్నెండింటికల్లా పెనం మీద పెట్టాను. రంగు, వాసన బ్రహ్మాండంగా వచ్చాయి. నోట్లో పెట్టుకుంటే రబ్బరు నమిలినట్టే ఉంది. పిల్లలు సలాడ్ తిని లేచిపోయారు. మాంసం మంచిది కాదేమోనని అనుమానపడ్డాను గానీ, తప్పు మాంసానిది కాదు, వేళది.

ప్రాణం పోయిన కొన్ని గంటల్లో కండరాల్లో ఉన్న శక్తి నిల్వలు అయిపోతాయి. కండ వదులుగా ఉండడానికి కూడా ఆ శక్తే కావాలి. అది లేకపోయేసరికి కండపోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి. తెల్లవారుజామున కోసిన మేక మాంసం మధ్యాహ్నానికి ఆ బిగువులోనే ఉంటుంది. తర్వాత కండలో సహజంగా ఉండే ఎంజైములు ఆ పోగులను మెల్లగా తెంపుతూ పోతాయి. ఒక రోజు, రెండు రోజులు గడిచేసరికి మాంసం మళ్లీ మెత్తబడుతుంది. కూరలో ఈ సంగతి మనకు తెలియదు, ఎందుకంటే కుక్కర్లో గంటసేపు మగ్గితే ఎంత బిగువైనా సడలిపోతుంది. పెనం మీద ముక్క ఉండేది పది పదకొండు నిమిషాలే.

అందుకని ఆదివారం మధ్యాహ్నం తినాలంటే శనివారం పొద్దున్నే తెచ్చుకోండి. ఎముక తీయించకండి. కండను చాచిపట్టి ఉంచేది ఎముకే, అది ఉంటే ముక్క ముడుచుకోవడం తగ్గుతుంది. పొడిగా తుడిచి, ఉప్పు రాసి, పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు మించకూడదు. కరెంటు గంటల తరబడి పోయే రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. తెచ్చిన వెంటనే ఫ్రీజర్లో పడేయడం ఇంకో పొరపాటు. బిగువు పట్టకముందే చలి తగిలిన కండ మరింత ముడుచుకుపోతుంది.

చేపకు ఇదేమీ వర్తించదు. దాని కండపోగులు పొట్టివి, వాటిని కలిపి ఉంచే పొరలు పలచనివి. వంజరం ఎంత తాజాగా ఉంటే అంత మంచిది.

అపోహ: ఎన్నిసార్లు కడిగితే అంత శుభ్రం.

పసుపు వేసి మూడు నీళ్లు కడగందే మన ఇళ్లలో మాంసం గిన్నెలోకి వెళ్లదు. మొద్దు మీద కొట్టినప్పుడు అంటుకునే ఎముక రవ్వ, వెంట్రుక పోవాలి కదా, ఆ బాధ నాకూ అర్థమవుతుంది. అయితే కడిగితే క్రిములు చావవు. కుళాయి కింద పెట్టి రుద్దితే తుంపర్లతో పాటు సింకుకీ, పక్కనున్న గిన్నెలకీ పాకుతాయి. వాటిని చంపేది మంట. రవ్వ పోవడానికి ఒక గిన్నెలో నీళ్లు పోసి ముక్కను ఒకసారి మెల్లగా ముంచి తీయండి, చాలు. ఆ తర్వాత చేయాల్సిన అసలు పని తుడవడం. శుభ్రమైన నూలు గుడ్డతో, చేత్తో పట్టుకుంటే తడి తగలనంతగా అద్దాలి. ఆ గుడ్డను తర్వాత మరిగే నీళ్లలో వేయాలి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 30 డిగ్రీల నీటిని మరిగే స్థితికి తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లకు పైగా వేడి, అదే నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది. తడి ముక్క పెనం మీద పడితే పెనం వేడంతా ఆ నీటికే ఖర్చైపోతుంది. నీళ్లున్నంతసేపూ ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు. అక్కడ జరిగేది కాలడం కాదు, ఉడకడం. ముక్క బూడిదరంగుకు తిరిగి, అడుగున నీరు ఊరి, కుతకుతలాడుతుంటే ఆ తడే కారణం. పెనం నిండా ముక్కలు ఇరికించినా ఇంతే.

అపోహ: పైన ఎర్రగా కాలిస్తే రసం లోపలే ఉండిపోతుంది.

యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1847లో చెప్పిన సిద్ధాంతం ఇది. ఇప్పటికీ టీవీ వంటల్లో వినిపిస్తుంది. పెనం దగ్గర చెవి పెడితే చాలు, అది తప్పని తెలిసిపోతుంది. ఎర్రటి పొర కట్టాక కూడా చుయ్‌మనే చప్పుడు ఆగదు. ఆ చప్పుడు ముక్కలోంచి నీరు బయటికొచ్చి ఆవిరవుతున్న చప్పుడే. పొర నీటిని ఆపి ఉంటే చప్పుడు ఆగిపోవాలి కదా.

మరి కాల్చడం ఎందుకు? రుచి కోసం. సుమారు 140 డిగ్రీలు దాటాక మాంసంలోని ప్రోటీన్ల భాగాలు, చక్కెరలు కలిసి కొత్త వాసనలను, గోధుమరంగును పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. మన దోసె అంచు ఎర్రబడేది, కాఫీగింజ వేగితే కమ్మటి వాసన వచ్చేది ఈ చర్య వల్లే. రసం నిలవాలంటే మాత్రం రెండు దార్లున్నాయి. లోపల అతిగా ఉడకనివ్వకూడదు, దించాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి అప్పుడు కోయాలి.

అపోహ: ఉప్పు ముందే వేస్తే ముక్క ఎండిపోతుంది.

సగం నిజం. ఉప్పు రాసిన కొద్ది నిమిషాలకు పైన నీరు ఊరుతుంది. ఆ దశలో పెనం మీద వేస్తే నష్టమే. ముప్పావుగంట ఆగితే ఆ ఉప్పునీటిని కండ మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి పెనం మీద వేసే క్షణంలోనైనా చల్లాలి, లేదా ముప్పావుగంట మొదలుకుని ముందురోజు దాకా ఎప్పుడైనా రాయాలి. లోపలికి బాగా దిగేది ఉప్పు. కారం, ధనియాలపొడి, పెరుగు ఎంతసేపు నానబెట్టినా దాదాపుగా పైపైనే ఉండిపోతాయి. పెనం వేడికి పొడులన్నీ మాడి చేదెక్కుతాయి. అందుకే మిరియాలు కూడా నేను చివర్లోనే దంచి చల్లుతాను. చింతపల్లి వైపు కాఫీతోటల్లో నీడచెట్లకు పాకే మిరియాల తీగలు మనకు ఇంత దగ్గర్లో ఉండగా వాటి వాసనను మంటకు అర్పించడం ఎందుకు?

పచ్చి బొప్పాయి ముద్ద రాసి రాత్రంతా ఉంచే అలవాటూ ఉంది. బొప్పాయి పాలలోని ఎంజైము పైపొరను పేస్టులా చేసి వదులుతుంది, లోపలికి మాత్రం చేరదు. ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచిన లేత మాంసానికి అది అక్కర్లేదు.

ఇంకోమాట. వండేముందు మాంసాన్ని గంటలకొద్దీ బయట ఉంచమని చలిదేశాల పుస్తకాల్లో రాస్తారు. బయట 32 డిగ్రీలు దాటితే పచ్చిమాంసం గంటకు మించి బయట ఉండకూడదు. మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ మధ్యాహ్నాలు అంతకు మించినవే. ఫ్రిజ్‌లోంచి తీసి సూటిగా పెనం మీద పెట్టినా ఏ లోటూ రాదు.

అపోహ: లోపల పచ్చిగా, నెత్తురు కారుతుంటేనే స్టేక్.

పళ్లెంలో కనిపించే ఎర్రనీరు నెత్తురు కాదు. మయోగ్లోబిన్ అనే కండర ప్రోటీన్ కలిసిన నీరు. నెత్తురు కోసినప్పుడే పోయింది. ఇక పచ్చిగా తినాలా అంటే, వద్దనే చెబుతాను. కోయని ముక్కలో క్రిములు సాధారణంగా పైనే ఉంటాయన్న లెక్కతో మేక, గొర్రె ముక్కలకు లోపల 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విశ్రాంతి చాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. కోసినప్పటి నుంచి చల్లగా ఉంచుతూ తెచ్చే మాంసానికి అది సరే. మన మాంసం బయట వేలాడి, మొద్దు మీద నలిగి వస్తుంది. టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవులు కండ లోపలా ఉండొచ్చు. నేను 70 డిగ్రీల దాకా తీసుకెళ్తాను. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇందులో రాజీ వద్దేవద్దు. కోడికి 74 డిగ్రీలు. గుచ్చి చూసే థర్మామీటరు లేకపోతే ఎముక దగ్గర కోసి చూడండి, అక్కడ గులాబీ రంగు పోవాలి.

ముక్కను ఒక్కసారే తిప్పాలన్నది కూడా ఉత్తమాటే. నిమిషానికోసారి తిప్పితే ఇంకా సమంగా ఉడుకుతుంది. పెనం సంగతికొస్తే, దోసెల ఇనప పెనాన్ని మించింది లేదు. ఖాళీ నాన్‌స్టిక్‌ను ఇంత వేడెక్కించకండి, 260 డిగ్రీలు దాటితే దాని పూత చెడిపోతుంది.

అపోహ: ఇటాలియన్ సలాడ్‌కు సరుకు విశాఖ సూపర్‌మార్కెట్ నుంచే రావాలి.

వేసవిలో షర్బత్‌లో వేసుకునే సబ్జాగింజలున్నాయి కదా, ఇటలీవాళ్లు ఆరాధించే బేసిల్ ఆ జాతి మొక్కే. మనం రుద్రజడ అంటాం. చారెడు గింజలు కుండీలో చల్లితే నెలన్నరలో కోసుకోవచ్చు. రకం వేరైతే వాసనలో కొంచెం తేడా ఉంటుంది, అంతే. దాని బదులు కోటలోని తులసి తెంపి వేయడం మాత్రం సరికాదు. అది వేరే జాతి, లవంగం ఘాటుతో మిగతా రుచులను కప్పేస్తుంది.

తల్యాటా మీద వేసే ఘాటైన రుకోలా ఆకు ఆవాల కుటుంబానిది. లేత ముల్లంగి ఆకు, లేత ఆవాకు దాని దాయాదులే. టమాటా ఇటలీ సొత్తేమీ కాదు, అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో అక్కడికి చేరింది. ఇక మొజరెల్లా. దక్షిణ ఇటలీలోని కంపానియాలో దాని మేలిరకాన్ని గేదెపాలతోనే చేస్తారు. గేదెపాలకు మన ఊళ్లో కొదవా? ఇంట్లో విరగ్గొట్టిన పనీరు మొజరెల్లాలా సాగదు గానీ, చల్లటి సలాడ్‌లో సాగాల్సిన పనీ లేదు. చీజ్ అంటే జున్నేనని కొందరు పొరబడతారు. జున్ను ముర్రుపాలతో అయ్యేది, దాని దారి వేరు.

నూనె విషయంలోనూ అనవసర ఖర్చు వద్దు. కాల్చడానికి 230 డిగ్రీల దాకా పొగరాని రిఫైన్డ్ వేరుశనగ నూనె మంచిది. ఖరీదైన ఆలివ్ నూనె ఉంటే పచ్చిగా సలాడ్ మీద వేయండి, లేకపోతే గానుగ నువ్వుల నూనె వేయండి. ఆవకాయన్నంలో ఆ వాసనను ఇష్టపడే నాలుకకు ఇక్కడా నచ్చుతుంది. టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టకండి, వాసన చచ్చిపోతుంది. ముక్కలు కోసి ఉప్పు చల్లి పావుగంట ఉంచితే రసం ఊరుతుంది. దాన్ని పారబోయకుండా నిమ్మరసం, నూనె కలిపి పైన పోయండి. చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీలు దొరికితే నాలుగు చీలికలు కలపండి, మాంసం కొవ్వుకు ఆ పులుపు బాగా నప్పుతుంది.

పచ్చికూరలకు ఉప్పునీళ్లు చాలనుకోవడమూ అపోహే. ఆ కాస్త ఉప్పుకు క్రిములు చావవు. పారే నీటి కింద ఒక్కో ఆకును వేళ్లతో రుద్ది కడిగి, ఆరబెట్టండి. పచ్చిమాంసం కోసిన పలక మీద సలాడ్ మాత్రం కోయకండి.

వచ్చే ఆదివారం కోసం శనివారం పొద్దున్నే కొట్టుకెళ్లి, ఎముకతో, అంగుళం మందాన కొట్టమని అడగండి. ఉడకదంటే ఉడుకుతుందని చెప్పండి. వైపుకు నాలుగేసి నిమిషాలు, ఆపైన మంట తగ్గించి రెండు మూడు నిమిషాలు. మా కొట్టాయన ఇప్పుడు నన్ను చూడగానే "చాప్సేనా అమ్మా?" అని అడుగుతున్నాడు.