ప్లాస్టిక్‌కూ ఓ హద్దుంది: సైట్‌లో, రూములో గుర్తుంచుకోవాల్సిన సంగతులు

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల రోజంతా ప్లాస్టిక్‌తోనే గడుస్తుంది. తలమీద హెల్మెట్, ఒంటికి సేఫ్టీ బెల్టు, చేతిలో పైపు, సంచిలో టిఫిన్ డబ్బా, రాత్రి పడుకునే స్పాంజ్ పరుపు, పక్కన చార్జర్ వైరు. చూడటానికి అన్నీ ప్లాస్టికే అయినా అన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి ఒక్కో పేరు, వేడికి ఒక హద్దు, వాడుకకు ఒక వయసు ఉన్నాయి. ఆ హద్దు దాటితే మనల్ని కాపాడాల్సిన వస్తువే మన ప్రాణం మీదికి తెస్తుంది.

గ్యాసు నుంచి గింజ దాకా

ఈ ప్లాస్టిక్‌లో చాలా భాగం మనం ఉంటున్న ఈ గడ్డ మీదే తయారవుతోంది. అబుధాబిలోని రువైస్‌లో బొరూజ్ ఫ్యాక్టరీ 2001 నుంచి పాలిథీన్ తయారు చేస్తోంది. సౌదీలో 1976లో ఏర్పడిన సాబిక్ కంపెనీకి జుబైల్‌లో పెద్ద పెద్ద ప్లాంట్లు ఉన్నాయి. అలాంటి చోట్లకు షట్‌డౌన్ పనులకు వెళ్లొచ్చిన వాళ్లు మన పాఠకుల్లోనూ ఉంటారు. భూమిలోంచి వచ్చే గ్యాసులోని ఈథేన్‌ను బాగా కాచి ఎథిలీన్ చేస్తారు. వేలకొద్దీ ఎథిలీన్ అణువులను గొలుసులా కలిపితే పాలిథీన్ అవుతుంది. పాలిమర్ అంటే ఇదే, చిన్న చిన్న ముక్కలు కలిసిన పొడవాటి గొలుసు. ప్లాంటు నుంచి అది బియ్యపు గింజల్లా బయటికొచ్చి పైపులుగా, డ్రమ్ములుగా, షీట్లుగా మారుతుంది.

ప్లాస్టిక్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి నెయ్యి లాంటిది. వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే మళ్లీ గడ్డకడుతుంది. పీవీసీ, పాలిథీన్, నైలాన్ ఈ రకం. రెండోది ఉడికిన గుడ్డు లాంటిది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, మాడుతుందంతే. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్, ఫైబర్ ట్యాంకులకు వాడే రెజిన్ ఈ రకం. పాత స్విచ్చులు నల్లగా మాడతాయి గానీ కారవు, కారణం ఇదే.

వేడితో వచ్చే ముప్పు

పీవీసీ పైపు సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అందుకే వేడినీళ్ల లైనుకు సీపీవీసీ గానీ పీపీఆర్ గానీ వేస్తారు. పీపీఆర్ పైపును 260 డిగ్రీల మెషిన్‌తో అతికిస్తారు. పెద్ద హెచ్‌డీపీఈ పైపులకు వాడే ప్లేటు సుమారు 200 నుంచి 220 డిగ్రీల వేడి మీద ఉండాలి. తొందరపడి వేడి తగ్గిస్తే జాయింటు పైకి అతికినట్టే కనిపిస్తుంది, ప్రెషర్ రాగానే ఊడిపోతుంది.

కొందరు పీవీసీ పైపును మంట మీద పెట్టి వంచుతారు. ఇది మానుకోవాలి. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాసు వస్తుంది. అది కళ్లలో, గొంతులో ఉన్న తడి తగలగానే యాసిడ్‌గా మారుతుంది. రాగి కోసం వైర్ల తొడుగు కాల్చేవాళ్లు పీల్చేదీ ఈ పొగనే.

ప్లంబింగ్ చేసేవాళ్లకు టెఫ్లాన్ టేపు తెలియంది కాదు. మామూలుగా దానితో ఏ హానీ లేదు. కానీ ఆ చేతులతోనే సిగరెట్ పట్టుకుంటే టెఫ్లాన్ పొడి సిగరెట్‌కు అంటుకుంటుంది. సిగరెట్ మండే కొన దగ్గర వేడి 600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి టెఫ్లాన్ విడిపోయి విషపు ఆవిరి వస్తుంది. కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. ఫ్లూ జ్వరమని పొరబడేవాళ్లే ఎక్కువ. డాక్టర్లు దీన్ని పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. చేతులు కడుక్కున్న తర్వాతే సిగరెట్ ముట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏ పని చేశారో కూడా చెప్పండి.

ఎండతో వచ్చే ముసలితనం

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసును కొద్దికొద్దిగా తెంపుతాయి. పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే లోపల పెళుసుబారుతుంది. మీ హెల్మెట్ తిప్పి చూడండి. లోపలివైపు గుండ్రటి గడియారంలాంటి ముద్ర ఉంటుంది. అది తయారైన నెల, సంవత్సరం. దాని ప్రకారం కంపెనీ చెప్పిన గడువు దాటితే మార్చాలి. రంగు వెలిసినా, వేలితో రుద్దితే సుద్దపొడిలా రాలినా, బీటలు కనిపించినా గడువుతో పని లేకుండా మార్చాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మళ్లీ పెట్టుకోకూడదు. దానికి పెయింటు వేయడం, థిన్నర్‌తో తుడవడం, గాలి కోసం రంధ్రాలు చేయడం కూడా తప్పే.

బెల్టు సంగతీ అంతే. దాని పట్టీ పాలిస్టర్‌తోనో నైలాన్‌తోనో నేస్తారు. పట్టీ బిరుసెక్కినా, కుట్లు ఊడినా, వెల్డింగ్ నిప్పురవ్వ పడి చిన్న గుంట ఏర్పడినా అది మన బరువు ఆపుతుందన్న నమ్మకం లేదు. ఒక మనిషి పడినప్పుడు ఆపిన బెల్టును పక్కన పెట్టేయాల్సిందే. పని అయ్యాక ఎండలో వదిలేయకుండా నీడలో వేలాడదీయండి.

రూములో నిప్పు

మామూలు పీవీసీ వైరు లోపలి తీగ 70 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె తగిలిస్తే ఆ హద్దు దాటుతుంది. తొడుగు మెత్తబడి తీగలు కలుస్తాయి. కింద స్పాంజ్ పరుపు ఉంటే నిమిషాల్లో అంటుకుంటుంది. స్పాంజ్ అంటే పాలియురెథేన్. మండితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి. కొద్దిసేపు పీలిస్తేనే మనిషి స్పృహ తప్పుతాడు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు చెలరేగి సుమారు 50 మంది చనిపోయారు. ఎక్కువమంది మన దేశస్తులే, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదుల మధ్య మండే సరుకుతో కట్టిన పార్టిషన్ల వల్ల దట్టమైన నల్లపొగ కమ్మిందని అక్కడి అగ్నిమాపక అధికారులు చెప్పారు. ఎక్కువ ప్రాణాలు తీసింది ఆ పొగే.

అందుకే ముట్టుకుంటే వేడిగా తగిలే ప్లగ్గును వెంటనే తీసేయండి. వైరును పరుపు కింద నుంచి లాగకండి. మెట్లకు అడ్డంగా సామాన్లు పెట్టకండి. రెండో దారి ఎటుందో కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు చూపించండి. పొగ కమ్మితే నేలకు వంగి నడవండి, కింద గాలి కొంచెం మేలుగా ఉంటుంది.

డబ్బా కింద అంకె

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె అది ఏ ప్లాస్టికో చెబుతుంది. 1 అంటే పెట్, నీళ్ల సీసా. వేడి టీ పోస్తే ముడుచుకుంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్. వేడి అన్నం, కూర పెట్టుకోవడానికి ఇది నయం. 6 పాలీస్టైరీన్, థర్మోకోల్ ఈ జాతిదే. 2 అంటే హెచ్‌డీపీఈ. మంచి ప్లాస్టికే, కానీ పెయింటు, కెమికల్ వచ్చిన డ్రమ్ములూ దీనితోనే చేస్తారు. గోడలోకి ఇంకిన కెమికల్ ఎంత కడిగినా పూర్తిగా పోదు. అలాంటి డ్రమ్ములో తాగే నీళ్లు పట్టకండి.

హెల్మెట్, బెల్టు ఇవ్వడం, పాడైతే మార్చడం కంపెనీ బాధ్యత. అడగడానికి మొహమాటం వద్దు. పగిలినదాన్ని సేఫ్టీ ఆఫీసర్‌కు చూపించి, ఏ తేదీన చెప్పారో రాసి పెట్టుకోండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు గానీ రూములో పదిమంది కలిసి వెళ్తే వింటారు. ఈ శుక్రవారం సెలవునాడు రూములో అందరూ తమ హెల్మెట్లు తిప్పి తేదీలు చూసుకోండి. ఐదు నిమిషాల పని అది.