మానసిక చికిత్స: సమ్మతి ఎంతవరకు, నిర్బంధం ఎంతవరకు?

హైదరాబాదులో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడితే ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. అక్కడున్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయం వల్ల పుట్టిన మాట అది. నవ్వుతాలుకే అన్నా, అందులో ఒక నమ్మకం దాగి ఉంది: మతి చలించిన మనిషిని ఎవరైనా పట్టుకెళ్లి లోపల పెట్టవచ్చునని. చట్టం అలా అనదు. మరి ఏమంటుందో ఈ పాఠంలో చూద్దాం.

బ్రిటిష్ కాలపు 1912 చట్టం రోగిని ‘ల్యూనటిక్’ అనే పిలిచింది. 1987లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది మరణించారు. ఇప్పుడు మనకున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018లో అమలులోకి వచ్చిన ఈ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

దీనికి ఇరుసు వంటిది ‘నిర్ణయ సామర్థ్యం’. రోగం పేరు చూసి ఎవరి హక్కూ తీసేయరు. చెప్పిన విషయం ఆ వ్యక్తికి అర్థమవుతోందా? చికిత్సకు ఒప్పుకుంటే, వద్దంటే ఏమవుతుందో తెలుస్తోందా? తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలరా? చూడవలసినవి ఇవి. తీవ్రమైన జ్వరంలో సంధి మాటలు మాట్లాడినవారు జ్వరం దిగాక తేరుకుంటారు కదా! ఈ సామర్థ్యం కూడా అలాగే తగ్గుతుంది, తిరిగి వస్తుంది. ఇంకొకటి గమనించండి: నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. ఇంట్లో పెద్దలకు మింగుడుపడని మాట బహుశా ఇదే.

సామర్థ్యమున్న వయోజనులు తమంతట తామే ఆసుపత్రిలో చేరవచ్చు. వెళతామంటే పంపాలి. ప్రమాద సూచనలు కనబడితే మాత్రం, మళ్లీ పరీక్షించడానికి 24 గంటల వరకు ఆపవచ్చు.

అసలు చిక్కు, వద్దంటున్న మనిషి విషయంలోనే. ఆ వ్యక్తి తరఫున నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు చేయాలి. ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు హాని చేసుకోవడమో, ఎదుటివారిపై హింసకు దిగడమో, తన ఆలనాపాలనా చూసుకోలేక ప్రమాదంలో పడటమో ఇద్దరికీ కనబడాలి. ఇంతకంటే తక్కువ ఆంక్షలతో చికిత్స వీలు కాదని కూడా ధ్రువీకరించాలి. అప్పుడైనా గడువు 30 రోజులే, వారానికోసారి సామర్థ్యాన్ని తిరిగి చూడాలి. చేర్చుకున్న సంగతి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు 7 రోజుల్లో, స్త్రీలూ మైనర్ల విషయమైతే 3 రోజుల్లో తెలపాలి. రోగి తానే బోర్డుకు మొరపెట్టుకోవచ్చు. 30 రోజులు దాటి ఉంచాలంటే బోర్డు అనుమతి కావాలి. బోర్డు సరిగా పనిచేయని చోట ఈ అంకెలన్నీ కాగితం మీదివే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంత తతంగానికి సమయముండదు. అందుకే ప్రాణాపాయం, తీవ్ర హాని ఉన్నచోట రిజిస్టరైన ఏ వైద్యుడైనా అత్యవసర చికిత్స చేయవచ్చు. ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. దీని పరిమితి 72 గంటలు, ఈశాన్య, కొండ రాష్ట్రాల్లో 120 గంటలు. విద్యుత్ షాకు చికిత్సను ఈ పేరుతో ఇవ్వకూడదు.

వీధుల్లో తిరుగుతున్న రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లో దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్పులో ఉంచరాదు.

మీలో 18 ఏళ్లు నిండినవారు ఒక పని చేయవచ్చు. రేపు నిర్ణయ సామర్థ్యం కోల్పోతే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, ఎవరు మీ ప్రతినిధిగా ఉండాలో ముందే రాసి పెట్టే వీలు ఈ చట్టంలో ఉంది. ఇంతవరకు ఏ జబ్బూ లేకపోయినా సరే. అత్యవసర చికిత్సకు మాత్రం ఆ రాత అడ్డు రాదు.