జ్వాలాపురపు బూడిద

వరంగల్లు ప్రాంతపు పాండవుల గుట్టపై ప్రాచీన మానవుడు రంగులతో గీసిన బొమ్మలు కలవు. అతని పూర్వులు ఈ నేలకు ఎన్నడు వచ్చిరి?

నంద్యాల జిల్లా జ్వాలాపురమున, సుమత్రాలోని తోబా అగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందట వెదజల్లిన బూడిద పొర యున్నది. దానికి క్రిందను, పైనను రాతి పనిముట్లు లభించినవి. అవి ఆఫ్రికానుండి వచ్చిన ఆధునిక మానవునివే కావచ్చునని మైకేల్ పెట్రాగ్లియా బృందము 2007లో వాదించినది. ఆ రాక తరువాతిదని పాల్ మెల్లర్స్ ప్రభృతుల మతము. బూడిద చెంత మనిషి యెముక దొరకనందున వివాదము తీరలేదు.

ఇట్టి వాదమును తూచుటకు పరిణామ సిద్ధాంతము తెలియవలెను. 2023లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పదవ తరగతి పుస్తకమునుండి ఆ భాగమును తొలగించినది. ఆ పుస్తకముతోనే విజ్ఞానశాస్త్ర పాఠము ముగించు బాలునికి తన పుట్టుక కథ అందకపోవుట చిన్న నష్టము కాదు.