ఫిల్మ్ సిటీలో పొద్దుటి టిఫిన్: ముందు మీ ప్లేటు చూసుకోండి!

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లలు "అమ్మా, ఫిల్మ్ సిటీకి వెళ్దాం" అంటూ కొంగు పట్టుకుని వదలరు. మన బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్ళలో ఇది మామూలే కదా! ఆ మాటకొస్తే ఫిల్మ్ సిటీ మనకేమీ పరాయిది కాదు. 1996లో దాన్ని నెలకొల్పిన రామోజీరావుగారు గుడివాడకు దగ్గరి పెదపారుపూడిలో పుట్టినవారే. 2024లో ఆయన కాలం చేశారు. పూణె నుంచి మన బందరు దాకా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంటుందది. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియోల సముదాయంగా గిన్నిస్ బుక్కులో కూడా ఎక్కింది.

ప్రయాణమనగానే బట్టలు, టోపీలు, టిక్కెట్లు అన్నీ గుర్తుంటాయి. పొద్దుటి టిఫిన్ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. "అక్కడేదో ఒకటి దొరకదా?" అనేస్తారు. కానీ రోజంతా ఎండలో నడక, క్యూలు, ఆటలు. పొద్దున్న కడుపులో ఏం పడిందన్న దాని మీదే ఆ రోజు ఆనందమంతా ఆధారపడి ఉంటుంది.

తెల్లవారుజాము చిక్కు

బందరులో రాత్రి బస్సెక్కితే తెల్లారకముందే అక్కడ దిగుతాం. గేటు తెరిచేది తొమ్మిది గంటల ప్రాంతంలో. ఈ మధ్య నాలుగైదు గంటలు పిల్లలూ పెద్దలూ ఖాళీ కడుపుతో ఉండలేరు. అందుకని ఇంటి నుంచే కొంచెం పట్టుకెళ్ళండి. చింతపండు పులిహోర రాత్రంతా నిలవుంటుంది. ఇడ్లీలకు నూనె కలిపిన కారప్పొడి రెండువైపులా పట్టించి డబ్బాలో సర్దితే మెత్తగా ఉంటాయి, వేరే పచ్చడి అక్కర్లేదు. దిబ్బరొట్టె ముక్కలు కూడా బాగుంటాయి. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, తెల్లారేసరికి పాడైపోతుంది. పెరుగన్నం కావాలంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి, చెంచాడు పెరుగు మాత్రమే కలపండి. పొద్దుటికి పుల్లబడకుండా తోడుకుంటుంది.

ఇవన్నీ గేటు దగ్గరికి వెళ్ళకముందే తినేయండి. ఇలాంటి చోట్ల బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వడం గురించి రూల్సు ఉంటాయి. చంటిపిల్లల పాలు, మందుల సంగతి టిక్కెట్లు తీసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఫుడ్ కోర్టులో అడుగుపెట్టాక

లోపల సితార, తార లాంటి హోటళ్ళున్నాయి. అక్కడ బస చేసేవాళ్ళు, ప్యాకేజీలో టిఫిన్ కలిసి ఉందో లేదో కాగితం మీద చూసుకోవాలి. బఫే అయితే మనిషికింత అని లెక్క. పిల్లలకు ఏ వయసు దాకా తగ్గింపో ముందే అడగండి. కౌంటర్లో విడివిడిగా కొనుక్కునే చోటైతే చిన్నపిల్లలిద్దరికీ ఒక ప్లేటు సరిపోతుంది.

ముందు పెద్దవాళ్ళను ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. ఖాళీ చేతులతో అన్ని కౌంటర్లూ ఒకసారి చుట్టి రండి. కనబడ్డ మొదటి దాన్నల్లా ప్లేటులో వేసుకుంటే అసలైనవి వచ్చేసరికి కడుపు నిండిపోతుంది. "డబ్బిచ్చాం కదా" అని పూరీలూ వడలూ కుక్కుకోవద్దు. నూనె సరుకుకు దాహం ఎక్కువ, ఎండలో బడలిక కూడా. ఇడ్లీ, ఉప్మా, ఒక దోసె, పండ్లముక్కలు, ఇంత మజ్జిగ చాలు. తిన్న వెంటనే పిల్లల్ని గిరగిర తిరిగే ఆటలెక్కించకండి. ఒక గంట నడిచే చోట్లు చూపించండి. వేడి కాఫీ ట్రేలు పిల్లల చేతికివ్వకండి.

ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళుంటే ఒక్కమాట. టిఫిన్ చేతికి ఎప్పుడొస్తుందో చూసుకునే మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకోమనండి. మందు పడి, క్యూలో తిండి ఆలస్యమైతే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బ్యాగులో నాలుగు బిస్కెట్లు, కాస్త పంచదార తప్పనిసరి.

అమెరికా వెళ్ళే అమ్మలకు

మన గుడివాడ వైపు పిల్లలు అమెరికాలో లేని వీధి తక్కువ. అమ్మానాన్నా వెళ్తే, ఆర్లెండోలో 1971లో మొదలైన డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్తుంటారు. అక్కడి రిసార్టు ఫుడ్ కోర్టుల్లో పొద్దున్నే మిక్కీ ఎలుక మొహంతో వాఫిల్ అనే తీపి రొట్టె పెడతారు. దాని పిండిలో మామూలుగా గుడ్డు కలుస్తుంది. పక్కన పెట్టే బేకన్ పంది మాంసం. శాకాహారులు మొహమాటపడకుండా అడగాలి. ఓట్స్ జావ, పండ్లు, పెరుగు, కాల్చిన బ్రెడ్డు మనకు సరిపడతాయి. బ్రెడ్డు మీద మన కారప్పొడి చల్లుకుంటే ప్రాణం లేచొస్తుంది.

మరి మీ ప్లేటు?

అసలు చెప్పదలచుకున్నది ఇదే. ఇంట్లో మనం టిఫిన్ చేసేది ఎప్పుడు? అందరికీ అట్లు పోసి పెట్టి, పిల్లలు వదిలేసిన అంచులూ, చల్లారిన ఆఖరి అట్టూ పదిగంటలకు నిలబడి తింటాం. అవునా, కాదా?

మా అత్తగారిది అవనిగడ్డ. డెబ్భై ఏళ్ళు దాటాయి. ఫిల్మ్ సిటీలో పెనం దగ్గరి అబ్బాయి పొగలు కక్కే దోసె తీసి ఆవిడ ప్లేటులో వేశాడు. ఆవిడ దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది, ఇది ఎవరికివ్వాలా అని! "మీకే అత్తయ్యా, కూర్చుని తినండి" అంటే, "మగవాళ్ళింకా తినలేదుగా" అంది. పెనం మీది దోసెను వేడివేడిగా అందరికంటే ముందు తినడం ఆవిడకు అదే మొదలట. ఆ మాటకు మా వారూ, బావగారూ ఏమీ మాట్లాడలేకపోయారు.

ఫుడ్ కోర్టులో మనకు పొయ్యి లేదు, అంట్లు లేవు. అలాంటి చోట కూడా పిల్లల ట్రేలు మోస్తూ, వాళ్ళ మూతులు తుడుస్తూ ఆఖర్న మిగిలిన చల్లటి ఇడ్లీ తింటే ఇక ప్రయాణమెందుకు? పిల్లల ట్రేలు వాళ్ళ నాన్నకప్పగించండి. మొదటి విడతలోనే మీరూ వేడిగా వడ్డించుకుని అందరితోపాటు కూర్చోండి. ఇందులో స్వార్థమేమీ లేదు. మధ్యాహ్నానికి మీరు నీరసంతో కూలబడితే పాడయ్యేది అందరి సరదానే కదా!

ఇల్లు చేరాక కూడా ఈ అలవాటు వదలకండి. వారానికొక ఆదివారం అట్లకాడ ఇంట్లో మగవాళ్ళ చేతికివ్వండి. అట్టు వంకరగా వచ్చినా పరవాలేదు. వేడిగా ఉంటుంది, అదీ మీ ప్లేటులో!