అక్షరాలు లేని పుస్తకం

కొలతలు వేసి గీసిన డ్రాయింగును బెంగాలీ ఫిట్టరు, తమిళ వెల్డరు, తెలుగు ఇంజనీరు ఒకే విధంగా చదువుతారు. ముప్పై ఏళ్లుగా షాపులో చూస్తున్న విషయమే గనుక ఇందులో నాకు వింతేమీ తోచలేదు. ఆ సూత్రం ఐదేళ్ల పిల్లల తరగతి గదిలో కూడా పనిచేస్తుందని మాత్రం నిరుడే తెలిసింది.

నా శ్రీమతి ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె యు.కె.జి. తరగతిలో ఒడిశా నుండి వచ్చిన ఒక కాంట్రాక్టు కార్మికుని కుమారుడు చేరాడు. మూడు నెలలు గడిచినా నోరు విప్పలేదు. పేరు పిలిస్తే లేచి నిలబడేవాడు, అంతే. పిల్లవాడు మందకొడి అనీ, ఒకటవ తరగతికి పంపకుండా మరో ఏడు అక్కడే ఉంచడం మేలనీ పెద్దలు దాదాపు నిశ్చయించారు.

ఆ రోజులలోనే ఆమెకు ఒక పుస్తకం దొరికింది. అమెరికన్ చిత్రకారుడు మెర్సర్ మేయర్ 1969లో వెలువరించిన ‘ఫ్రాగ్, వేర్ ఆర్ యూ?’. మొత్తం 24 బొమ్మలు. లోపల కథ చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. సీసాలో ఉంచిన కప్ప రాత్రివేళ తప్పించుకుపోతుంది. బాలుడూ, అతని కుక్కా దానిని వెదుకుతూ అడవికి పోతారు. నేను రెండు నిమిషాలలో పుటలన్నీ తిరగేసి, ఇందులో ఏముందని తిరిగి ఇచ్చేశాను. అక్షరాలకు అలవాటుపడిన కళ్లు బొమ్మ దగ్గర నిలవవు.

తరగతిలో మొదట ఎవరూ మాట్లాడకుండా పిల్లలందరూ పుటలు చూశారు. “ఇదేమిటి?” అని ఆమె అడగలేదు. అలా అడిగితే “కప్ప” అన్న ఒక్క మాటతో కథ ముగుస్తుంది. “ఏం జరుగుతోంది? నీకెలా తెలిసింది?” అని మాత్రమే అడిగింది. కుక్క తల సీసాలో ఇరుక్కున్న బొమ్మ దగ్గర ఆ పిల్లవాడు పకపక నవ్వి, గడగడా ఒడియాలో మాట్లాడసాగాడు. ఆమెకు ఆ భాష రాదు. ఒడియా తెలిసిన ఆయమ్మను పిలిపించింది. కుక్క చెట్టును ఊపింది గనుక తేనెపట్టు పడింది, అది పడింది గనుక తేనెటీగలు తరుముతున్నాయి అని చెబుతున్నాడట! కార్యకారణ సంబంధం తెలిసిన ఆ పిల్లవాడినే మనం మందకొడి అన్నాము.

భాషాశాస్త్రజ్ఞులు రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ ఇదే పుస్తకాన్ని ఐదు భాషల పిల్లలకు చూపి, వారు చెప్పిన కథలను పరిశీలించి 1994లో గ్రంథం ప్రకటించారు. మరీ చిన్నవారు ఒక్కొక్క బొమ్మను విడివిడిగా చెబుతారు. ఎదిగేకొద్దీ వాటిని కథగా ముడివేస్తారు. మధ్యధరా సముద్రంలోని లాంపెడూసా దీవికి శరణార్థుల పిల్లలు చేరుతుండగా, అంతర్జాతీయ బాలల పుస్తక మండలి 2012లో అక్కడి కోసం ఇటువంటి మూగ పుస్తకాలనే పలు దేశాల నుండి సేకరించడం మొదలుపెట్టింది. మనకు పరిచితమైన సింహం–ఎలుక కథను కూడా జెర్రీ పింక్నీ 2009లో ఇలాగే, జంతువుల అరుపులు తప్ప మాటలు లేకుండా చిత్రించాడు.

ఇవి అక్షరాలు నేర్పవు. అందుకు పెద్ద బాలశిక్ష ఉండనే ఉంది. అయితే పిల్లలు చెప్పిన వాక్యాలను ఆమె నల్లబల్లపై తెలుగులో వ్రాసేది. తమ మాటలే గనుక చదవడానికి పోటీపడేవారు. ఒడియా వాక్యం క్రింద ఆయమ్మ చెప్పిన తెలుగు వాక్యం వచ్చేది. మన టౌన్‌షిప్ వంటి చోట, ఇంటింటికీ ఒక భాష ఉన్నప్పుడు, ఈ పని ఇళ్లలోనూ చేయవచ్చు. ఖర్చు స్వల్పం, ఓపిక మాత్రం కావాలి.

పిల్లవాడు ఇప్పుడు ఒకటవ తరగతిలో ఉన్నాడు. చివరి బొమ్మలో బాలుడు ఇంటికి తీసుకుపోయే కప్ప పాతదా, దాని పిల్లా అన్నది తరగతిలో ఇంకా తేలలేదు. పిల్లే అని వీడు వాదిస్తున్నాడట, ఈసారి తెలుగులో.