మీకు తెలుసా? ఫైలు పంపితే ఏఐ ఏం చదువుతుంది

సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయంలోని పాత శాసనాన్ని ఫొటో తీసి చాట్‌జీపీటీకో జెమినైకో పంపితే, తడుముకోకుండా పాఠం చెప్పేయవచ్చు. వెంటనే నమ్మకండి. ఆనాటి లిపి నేటి తెలుగు లిపి కాదు. అక్షరం అరిగిపోయిన చోట ఏఐ ఊహించి పూరించే ప్రమాదం ఉంది. శాసనాల విషయంలో లిపి తెలిసిన పండితుడిదే తుది మాట.

టైపు చేసిన కాగితాలకూ చిక్కులున్నాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ మన కంటికి తెలుగే. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు చెందిన కోడ్‌లు! నేరుగా పాఠం లాగితే అర్థంలేని గుర్తులే వస్తాయి. అలాంటి పేజీని బొమ్మగా పంపడం మేలు.

యూనికోడ్ తెలుగుకు ఆ బెడద లేదు. కానీ యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి 1 బైటు చాలితే, ఒక్కో తెలుగు సంకేతానికి 3 కావాలి. తెలుగు ఫైలు తరచూ ఎక్కువ టోకెన్లుగా (ఏఐ చదివే చిన్న ముక్కలుగా) విడిపోవడానికి అదొక కారణం. పెద్ద ఫైలైతే ఏఐ ఒకేసారి చదవగల హద్దు త్వరగా నిండిపోతుంది, భాగాలుగా పంపండి.

భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమి నుంచి దించుకున్న అడంగల్ ఏఐకి చూపిస్తున్నారా? ముందు పేర్లు, ఖాతా నంబరు కనబడకుండా చేయండి. అది చెప్పిన విస్తీర్ణం లెక్కను అసలు కాగితంతో సరిచూసుకోండి.